చెవి కోసిన పొట్టేళ్లు

మే 9

పుంగనూరు సంత నుంచి ఖాళీ లారీతో వచ్చాను. బక్రీద్‌కు గల్ఫ్ దేశాలకు బతికున్న పొట్టేళ్లను ఓడల్లో పంపే ఏజెంట్లు తెల్లవారకముందే దిగిపోయారు. నేను టీ గ్లాసు కింద పెట్టేలోపు సంత ఊడ్చేశారు. కుప్పం మటన్ ప్లాంటులో కొనుగోళ్లు చూసేది నేనే కాబట్టి తిట్లూ నాకే. మేనేజర్ నాగేంద్ర గారు తిట్టలేదు. అదే భయం.

మస్కట్‌కు రెండు వందల పొట్టేళ్ల చిల్డ్ మటన్, అంటే గడ్డకట్టించకుండా చల్లబరిచిన మాంసం, పంపాలి. పదిహేడున బెంగళూరు నుంచి ఫ్లైట్. మా మొదటి ఎక్స్‌పోర్ట్ ఆర్డర్. ఇది తప్పితే కోత, ప్యాకింగ్ లైన్ మూసేస్తామని ఆయన మెల్లగా చెప్పారు. లైన్ మీద ఇరవై రెండు మంది ఆడవాళ్లు. నిరుడు దాకా అందరూ తెల్లారి రైలెక్కి బెంగళూరు గార్మెంట్స్‌కు పోయినవాళ్లే.

మే 10

కోపం తగ్గలేదు. పొట్టేలు తన కాళ్లతో ఓడెక్కితే దాని వెంట తోలు, తల, కాళ్లు, బోటీ అన్నీ పోతాయి. కోసే పని, కడిగే పని, ప్యాక్ చేసే పని కూడా పోతాయి. మనకు మిగిలేది పెంటికలు. కానీ కాపర్లను ఏమనగలను? ఈ ఏడు వాళ్లకు మంచి ధర పలికింది. వాళ్ల స్థానంలో నేనున్నా అమ్మేదాన్ని.

లైన్‌లో అందరికంటే పెద్దది పాపక్క. మళ్లీ రైలేనా అని అడిగింది. గొర్రెలు దారిలో ఉన్నాయని అబద్ధం చెప్పాను.

మే 12

మదనపల్లె. గొర్రెలు దొరకలేదు. టమోటాలు దొరికాయి.

మే 13, మధ్యాహ్నం

నిమ్మనపల్లె దగ్గర రోడ్డు పక్కన పెద్ద మంద. పక్కనే దాని యజమాని గంగులప్ప, ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు. ఓడ ఏజెంట్లు నిన్న వచ్చి, చూసి, వద్దని పోయారట. జబ్బేమో అనుకున్నాను. కాదు. మందలు కలిసిపోయినా తమవి తెలియాలని వీళ్లింట్లో గొర్రెపిల్లగా ఉండగానే ఎడమ చెవి సగం కోస్తారు. బక్రీద్‌కు బలిచ్చే కుర్బానీ జీవానికేమో ఏ లోపమూ ఉండకూడదు. అన్నదమ్ములు ముగ్గురివీ కలిపి మూడు వందల పొట్టేళ్లు. ఒక్కదానికీ ఎడమ చెవి నిండుగా లేదు.

నాకు నవ్వు ఆగలేదు. ఆయనకు కోపం వచ్చింది.

"యాల నవ్వుతాండావమ్మా? మా తాతల కాలం నుంచి ఇట్లే కోస్తాండాం."

"మేం పంపేది మాంసం అప్పా. చెవులు మస్కట్‌కు పోవు."

ఆయన లేచి నిలబడ్డాడు. మళ్లా వెనక్కి పంపరు కదా అని రెండుసార్లు అడిగాడు. ఓడ వాళ్లు సంతలో ఇచ్చిన ధరే మేమూ ఇస్తామన్నాను. నాగేంద్ర గారికి ఆ తర్వాత ఫోన్ చేశాను.

మే 15

పశువుల డాక్టర్ అన్నిటినీ పాస్ చేశాడు. పొద్దున్నుంచి లైన్ ఆగలేదు. నా చెవుల్లో ఇంకా ఆ మోతే. హాయిగా ఉంది.

గంగులప్ప పొట్టేళ్ల వెంటే లారీలో వచ్చేశాడు. తెల్ల కోటు, టోపీ, బూట్లు తొడిగించి మాంసం చల్లబరిచే చిల్లర్ రూములోకి తీసుకెళ్లాను. బయట ముప్పై ఎనిమిది డిగ్రీలు, లోపల రెండు. మే నెలలో వణకడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలట. ఇక చాలు రమ్మంటే రాడే. ఆడవాళ్లంతా అద్దంలోంచి చూసి పడీ పడీ నవ్వారు.

పాపక్క మాత్రం నన్ను వదల్లేదు. "గొర్రెలు దారిలో ఉండాయంటివే, ఏ దారిలోనమ్మా?"

నిమ్మనపల్లె దారిలో అన్నాను.

మే 17

మా సరుకుతో ఫ్లైట్ ఎగిరిపోయింది. ఇంత సంతోషంగా ఎప్పుడున్నానో గుర్తు లేదు. టమోటా పచ్చడితో మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

మే 21

మస్కట్ నుంచి మెయిల్. ఇక నెలనెలా కావాలట. బక్రీద్ దాటితే సంతలో ఓడ ఏజెంట్లు తగ్గుతారు, మాకు ఊపిరాడుతుంది. మెయిల్ చదివి నాగేంద్ర గారు ఈల వేశారు. ఆయనకు ఈల వచ్చని ఆఫీసులో ఎవరికీ తెలియదు.

మే 22, ఉదయం 6:40

బెంగళూరు రైలు మా ప్లాంటు గోడ పక్క నుంచి పోయింది. ఇరవై రెండు మందీ గేటు బయట వరసగా నిలబడి దానికి చేతులూపారు. నేనూ ఊపాను. రైల్లో ఉన్నవాళ్లు ఎవరనుకున్నారో ఏమో, తిరిగి ఊపారు.