నీ ఫ్లూట్ శృతిలో నా గిటార్

పెర్కిట్ (ఆర్మూర్),
ఆదివారం, చర్చి నుంచి వచ్చాక.

లింబాద్రికి సువార్త రాస్తున్నది.

ఇక్కడ నేను, అత్తమ్మ, పాప బాగానే ఉన్నాం. దోహాలో నువ్వూ వేళకు తింటున్నావని, ఆ హోటల్ ఏసీకి గొంతు పాడు చేసుకోకుండా ఉన్నావని అనుకుంటున్నాను. అత్తమ్మ ముందు నిన్ను ‘మీరు’ అంటూనే ఉన్నాను, ఫికర్ చేయకు. ఉత్తరంలో మాత్రం నువ్వే.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్లీ ఉత్తరం ఏమిటని నవ్వుతావేమో. ఫోన్ మోగగానే పాప లాక్కుంటుంది. అత్తమ్మ పక్కనే కూర్చుంటుంది. నీ వెనక నీ రూమ్‌వాళ్లుంటారు. చివరికి నాకు మిగిలేది “తిన్నవా?”, “తిన్న” అన్న రెండు మాటలే. దోహా నుంచి భూమయ్య బాపు సెలవుకు వస్తూ నీ ఉత్తరం తెచ్చి ఇచ్చినప్పటి నుంచి నాకూ రాయాలని ఉంది. శ్రవణ్‌కుమార్ ఎల్లుండి దోహాకు తిరిగి వస్తున్నాడు. అతని చేతికే ఇది ఇచ్చి, మామిడికాయ తొక్కు, కొత్త పసుపు కూడా పంపుతున్నాను. “గా హోటల్ కూరలల్ల పసుపే ఉండదట, బిడ్డ పాణం ఏమైతదో” అని అత్తమ్మ దగ్గరుండి పట్టించింది.

నువ్వు అడిగినవి చెబుతాను. నీ ఫ్లూట్లకు నూనె రాస్తున్నాను, ఒక్కటీ పగలలేదు. పాప చిన్నదాన్ని ఊదుతోంది కానీ గాలి తప్ప స్వరం రావడం లేదు. కోపమొస్తే దాంతోనే పిల్లిని తరుముతోంది. పసుపు పనుల సీజన్ అయిపోయాక అత్తమ్మ ఇంటిపట్టునే ఉంది, దుమ్ము లేక దగ్గు తగ్గింది. మన జోడిని ఇంకా ఎవరైనా అడుగుతున్నారా అని రాశావు. ఇందల్వాయి ఫంక్షన్ హాల్ సాయిలు సేటు మొన్న అంగట్లో కనబడి, “ఏం బిడ్డా, మా పిల్లంగోవి పిలగాడు ఎప్పుడొస్తడు? డీజే చప్పుడుకు చెవులు వొయినయ్” అన్నాడు.

మనల్ని కలిపింది ఆయనే కదా. కీబోర్డు అతను రాలేదని, భజనలో ఊదే నిన్నూ, చర్చిలో వాయించే నన్నూ ఒకే స్టేజీ ఎక్కించాడు. నీ ఫ్లూట్ అందరి శృతి కన్నా ఒక వెంట్రుకవాసి కిందికి. నా గిటార్ దానితో కలవలేదు. “నా వెదురు మారదు. నీ తీగలు మారుతయి. నువ్వే జర దిగు” అన్నావు. ఎంత పొగరు అనుకున్నాను. కానీ దిగాను. ఆ తర్వాత పెళ్లిళ్లయినా, కాలేజీ ఫంక్షన్లయినా, హైదరాబాద్‌లో ఆ రెస్టారెంట్ సాయంత్రాలయినా అదే వరస. నువ్వు ముందు కాసేపు ఊది వెదురును వెచ్చబెట్టేవాడివి, నేను దానికి నా తీగలు కలుపుకునేదాన్ని. డీజేలొచ్చి మన పిలుపులు తగ్గాయి. దోహా హోటల్‌వాళ్లేమో ఫ్లూట్ ఒక్కటే చాలన్నారు.

నువ్వు వెళ్లాక ఒక తమాషా జరిగింది. ఫోన్లో ఉన్న నీ రికార్డింగ్ పెట్టుకుని, దానికే గిటార్ శృతి చేసుకునేదాన్ని. నా దగ్గర గిటార్ క్లాసుకు వచ్చే పిల్లల గిటార్లు కూడా నా గిటార్‌కు కలిపి ఇచ్చేదాన్ని. నాకు తప్పనే తోచలేదు. ఈస్టర్‌కు వాళ్లంతా చర్చిలో వాయించారు. కీబోర్డు ముఖేష్ మొదటి పాటకే చేతులెత్తేశాడు. “అక్కా, ఒక్కరిది తప్పితే పోరగాళ్లు అనుకుందుము. గీల్లందరు ఒక్కతీరుగ తప్పుతున్నరు. ఏం నేర్పినవ్?” అన్నాడు. తన కీబోర్డే తప్పని నేను కొట్లాటకు దిగాను. కరుణశ్రీ, మా క్లాసులో అందరికంటే పెద్దది, మెల్లగా తన ఫోన్లో శృతి చూసి నాకు చూపించింది. పాస్టర్ గారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. నేనూ నవ్వాను. ఆర్మూర్ పిల్లలందరికీ నీ వెదురు శృతి పట్టించానన్నమాట!

ఇంటికొచ్చి అందరిలాగే తీగలు పైకి బిగించాను. తర్వాత అలవాటుగా నీ రికార్డింగ్ పెట్టి వాయించబోయాను. కలవలేదు. గిటార్ ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. అత్తమ్మ వచ్చి, “ఏమాయెనే, తీగ గుచ్చిందా?” అంది. అవునన్నాను. హోటల్లో పెట్టే రికార్డు ట్రాకులకు సరిపోయే కొత్త ఫ్లూట్ కొనుక్కున్నానని నువ్వూ రాశావు. ఇప్పుడు ఇద్దరం అందరి శృతిలోనే ఉన్నాం, వేరువేరుగా.

ఇక ఫోన్లో చెప్పలేక దాచుకున్న మాట. సిరికొండలో ఒక పెళ్లికి ముఖేష్‌తో కలిసి వాయించాను. మన పాటే. నీ ఫ్లూట్ వచ్చే చోట అలవాటుగా ఆగాను. ఆ ఖాళీని ముఖేష్ నింపాడు. బాగుంది, లింబాద్రీ. జనం మళ్లీ వాయించమన్నారు. రెండోసారి నేను ఆగలేదు, నీకోసం పక్కకు తిరిగి చూడనూ లేదు. ఆ సంగతి ఆటోలో ఇంటికొస్తుంటేగానీ నాకు తట్టలేదు. “ఇద్దరి పేర్ల మీద బోర్డు కొట్టిద్దాం అక్కా, మస్తు ప్రోగ్రాములొస్తయి” అంటున్నాడు ముఖేష్. మంచి పిల్లాడు, తప్పుగా ఏమీ అడగలేదు. ఉత్తరానికి జవాబు వచ్చాక చెబుతానన్నాను.

హోటల్‌వాళ్లు ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టమంటున్నారని, ఏమంటావని అడిగావు. ఫోన్లో “నీ ఇష్టం” అన్నాను. అబద్ధం. ఆ మాట అంటున్నప్పుడు వద్దని నువ్వే గ్రహించాలని ఎదురుచూశాను. నువ్వు “సరే, చూస్త” అని పెట్టేశావు.

ఇల్లు గడవక రమ్మనడం లేదు. ఇల్లు గడుస్తోంది. క్లాసు నడుస్తోంది, పాప నవ్వుతోంది, నేనూ నవ్వుతున్నాను. మొదట్లో రోజుకు పదిసార్లు నువ్వు గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయేది. ఇప్పుడు ఆగడం లేదు. నువ్వు లేకపోవడం నాకు అలవాటవుతోంది. అది పూర్తిగా అలవాటు కాకముందే వచ్చెయ్. సంతకం పెట్టకు.

ఇట్లు,
నీ ఇల్లాలు,
సువార్త