అడవిలో వదిలింది ఎవరు

ఆగస్టు 4, సోమవారం
అక్షర వాళ్ల స్కూల్ లైబ్రరీ నుంచి కథల బుక్ తెచ్చుకుంది. జర్మన్ కథలట, ఇంగ్లిష్‌ల. పొద్దుగూకులు అదే చదువుతాంది. తొమ్మిదేండ్ల పిల్ల. నేను ఈ ఇంటికొచ్చి ఐదు నెలలు. తొందరపెట్టకు, జర ఓపిక పట్టు అంటడు మా ఆయన భాస్కర్.

ఆగస్టు 7
అన్నం కలిపి పెడితే నోరు తెరవలే. బుక్ చూపించింది. ఒక కథల సవతి తల్లి విషం పెడ్తది. ఇంకో కథల పిల్లలను అడవిల వదిలి రమ్మని మొగున్ని పోరుతది. నువ్వు గూడ స్టెప్ మదరే గద అన్నది. కోపంతోని కాదు. హోంవర్క్‌ల డౌట్ అడిగినట్టు.

ఆగస్టు 9
అక్షర ఇంగ్లిష్ టీచర్ పద్మలత మేడంను కలిసిన. సంగతి చెప్తే నొచ్చుకున్నది. తన దగ్గరున్న ఇంకో అనువాదం ఇచ్చింది. జర్మన్ భాషల మొదట అచ్చయినప్పుడు అడవి కథల ఉన్నది కన్నతల్లేనట. తర్వాత అచ్చులల్ల సవతి తల్లిగ మార్చిన్రట.
చదివిన. నిజమే. మదర్ అనే ఉన్నది.
బీరువల పెట్టి తాళమేసిన. ఈ ఇంట్ల ఆ కథ చెప్పొద్దు. అక్షరకు మూడేండ్లప్పుడు వాళ్లమ్మ స్టేషన్ ఘన్‌పూర్‌ల నానమ్మ దగ్గర దింపి, సాయంత్రం వస్తనని పోయింది. రాలే. వేరే మనిషితోని ఉంటాంది. పిల్లకు మాత్రం చచ్చిపోయిందని చెప్పిన్రు. హాల్ల ఫోటోకు దండేసిన్రు. బతికున్న మనిషికి దండ. శుక్రవారం శుక్రవారం పూలు మార్చేది నేనే.

ఆగస్టు 13
జ్వరం. 103.

ఆగస్టు 15
డెంగీ. దవాఖానల చేర్చినం. ప్లేట్‌లెట్స్ పడిపోతున్నయి. బాగా తాగించుమన్నడు డాక్టర్. నేను గ్లాసు పట్టుకుంటే మొఖం తిప్పుకుంటది.

ఆగస్టు 16
బెడ్ సర్దుతాంటే దిండు కింద మందు గోలీలు. ఐదు. నోట్లె పెట్టుకొని ఉమ్మినవి. భాస్కర్ షాపుకు పోయిండు. ఇట్లయితే చచ్చిపోతవే అని అరిచిన. చచ్చిపోయి మా అమ్మ దగ్గరికి పోత అన్నది.
అప్పుడు చెప్పిన. మీ అమ్మ చావలే అని. ఆ కథల వదిలింది కన్నతల్లే, నిన్ను వదిలింది గూడ కన్నతల్లే అని. పక్క బెడ్డామె ఇటు తిరిగి చూసింది.
అక్షర ఏడ్వలే. ఎక్కడున్నది అని అడిగింది. తెల్వదన్న. తెలుసు.
కొంచెంసేపటికి గోలీ ఇయ్యమని చెయ్యి చాపింది.

ఆగస్టు 20
డిశ్చార్జ్. భాస్కర్ నాతోని మాట్లాడ్తలేడు. హాల్ల ఫోటో లేదు. ఎవరు తీసిన్రో అడగలే.

ఆగస్టు 29
ఏది పెడితే అది తింటాంది. కాకరకాయ గూడ. అలగదు. ఎదురు చెప్పదు. అమ్మా అని పిలుస్తాంది. పద్మలత మేడం ఫోన్ చేసి, మీ పాప ఎంత మంచిగ మారిందో అన్నది. వంటింట్ల కూసోని ఏడ్చిన.

సెప్టెంబర్ 6
తొర్రూరుల పెండ్లికి బయలెల్లినం. బస్టాండ్ల నా కొంగు కొస తీసుకొని తన చేతికి ముడేసుకున్నది. రెండు ముళ్లు. ఎందుకు బిడ్డా అంటే, ఊరికే అన్నది.
బస్ ఎక్కలే. వాపస్ వచ్చినం. ఇది రాస్తాంటే గూడ విప్పలే.