నిన్నటి అంకె

అక్కకి తమ్ముడి నమస్కారాలు.

ఇక్కడ నేను కులాసా. నువ్వూ మేనకోడలూ బాగున్నారని తలుస్తాను. నీ ఉత్తరం ఈ రేవులో అందింది. మోకాళ్ల నొప్పి తగ్గిందా అన్నావు. మెట్లెక్కేటప్పుడు గుర్తొస్తుంది, లేకపోతే లేదు. తిండి సంగతి అడగనే వద్దు, ఈ విహార నౌకలో జనం తింటూనే ఉంటారు, పదిమందితో పాటు నేనూ. సరుకు ఓడల్లో ఇరవై ఏళ్లు గొడ్డుచాకిరీ చేస్తే ఒక్కడూ సార్ అన్న పాపాన పోలేదు. ఇప్పుడు పాత ఓడల చరిత్ర చెప్తుంటే ముందు వరసలో ముసలమ్మలు చప్పట్లు కొడుతున్నారు. చూశావా నా వైభోగం!

‘మీ బావ పోయిన ఓడ కథ కూడా చెప్తావట, ఆయన గురించి ఏమంటావు?’ అని నాలుగు ఉత్తరాలుగా అడుగుతున్నావు, నేను మాట దాటేస్తున్నాను. అందరూ అన్నదే అంటానక్కా. నీళ్లు తోడే పంపులు చూడాల్సినవాడు సమయానికి వెయ్యలేదంటాను.

ఈసారి దాటెయ్యలేను.

ఓడ అడుగున ఎంత నీరు చేరిందో రోజూ పొద్దున్నే కొలవాలి. సుద్ద పూసిన కడ్డీని గొట్టంలోకి దించి, తడిసినంత మేర చూసి పుస్తకంలో రాయాలి. మీటర్లు వచ్చినా ఆ పద్ధతి పోలేదు. జనానికి చూపిద్దామని నిన్న ఈ నౌకలో ఆ పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. తెరిచి వెనక్కి తిప్పాను. తొమ్మిది రోజులుగా ఒకటే అంకె. రెండు తుఫాన్లు దాటొచ్చిన ఓడలో నీరు అంగుళం కూడా కదలకుండా ఉంటుందా? ఎవడూ కడ్డీ దించలేదు.

చిన్న ఆఫీసరుకి చెప్తే నవ్వాడు. “పాఠాలు మాక్కూడానా సార్? మీటరు బాగానే చూపిస్తోంది. ఉత్త పుస్తకం చూసి మీరెలా చెప్పగలరు?” అన్నాడు.

నేనూ అదే పని చేశాను గనక చెప్పగలను.

ముప్ఫై ఏళ్ల కిందట బావ ఓడలో ఆ పొద్దున చలి, వాన. కొలిచే వంతు నాది. గొట్టం దాకా వెళ్లడానికి బద్ధకించి, ముందురోజు అంకే రాసేసి టీ తాగుతూ కూర్చున్నాను. బావ పుస్తకం చూసి, నీళ్లు లేవనుకుని పంపులు ఆపి ఉంచాడు. నా రాత నమ్మాడక్కా. మధ్యాహ్నానికి ఓడ ఒరిగింది. నన్ను పడవలోకి తోసి తను పంపుల దగ్గరికే దిగాడు. పుస్తకం ఆయనతో పాటే మునిగింది. విచారణలో నేను నోరు విప్పలేదు. ఇరుగుపొరుగు నిన్ను ఎత్తిపొడిచినప్పుడు విప్పలేదు. నీ చేతి అన్నం తింటూ కూడా విప్పలేదు.

సాయంత్రం ఐదింటికి బయల్దేరతాం. రెండు వేల మంది. ఇప్పుడు కెప్టెన్ దగ్గరికి వెళ్తున్నాను. ఎలా తెలుసని ఆయనా అడుగుతాడు, చెప్పక తప్పదు. ఆ మాట పరాయివాళ్ల కంటే ముందు నీకు రాయాలనిపించింది. దిగిపోరా అంటావు, తెలుసు. ఆయన వింటే సరే. వినకపోయినా దిగను, కడ్డీ నేనే దించుతాను. ఒకసారి బతికి బయటపడింది చాలు.

క్షమించమని అడిగే మొహం లేదు. వాళ్ల నాన్న తప్పేం లేదని మేనకోడలికి మాత్రం ఇది చదవగానే చెప్పు.

ఇది రాస్తుంటే పెన్ను మూడుసార్లు బల్ల మీంచి దొర్లింది. మూడుసార్లూ ఎడమవైపే పడింది. ఓడ ఇంకా రేవులో కట్టే ఉంది.

ఇట్లు,
బావ నమ్మిన నీ తమ్ముడు