నుడికట్టు మీద పేరు

కార్వేటినగరం,
12-8-2003.

సంపాదకులు గారికి నమస్కారం.

ఈ వారం గళ్ళ నుడికట్టు ఆలస్యమైంది, మన్నించండి. మూడు రోజులుగా కంప్యూటరు బీప్‌మని అరవడమే గానీ తెర వెలగలేదు. వస్తానన్న మెకానిక్కు రాలేదు. నాకు కాలు నిలవలేదు. నిన్న నా భార్య లోకేశ్వరి, యాడ నేర్చిందో గానీ, పెట్టె విప్పి, లోపలి మెమరీ కార్డును పెన్సిలు రబ్బరుతో తుడిచి బిగించింది. తెర వెలిగింది.

"భలే చేసినావే!" అన్నాను.

"దీనికైనా నా పేరు చెప్తారా?" అనింది.

అప్పటినుంచి అన్నం సయించలేదండీ. ఆరేళ్ళుగా నా పేరుతో మీరు వేస్తున్న నుడికట్టు ఆధారాలన్నీ ఆమె రాసినవే. మీరు మెచ్చుకుంటూ రాసిన ఉత్తరాలు కూడా ఆమెకు చూపించలేదు. ఇకమీదట ఆమె పేరే వేయండి. శీర్షిక ఆపేస్తారేమోనని ఈ ఉత్తరాన్ని రెండుసార్లు చించినాను. తప్పు నాది, నన్నే కోప్పడండి. జవాబు మాత్రం ఆమె పేరున రాయండి.

ఇట్లు,
లోకేశ్వరి భర్త