ముగ్గుతో గీసిన వార్డులు

1970, ఆదివారం రాత్రి

ఇవాళ మా ఊరికి పంచాయతీ వార్డులు కొత్తగా గీశాం. గీసింది నేనే! ఎన్నికల్లో నిలబడనివాళ్ళే గీయాలని ఊరంతా ఒప్పుకుని పాస్టరుగారినీ నన్నూ కమిటీలో వేశారు.

బడి ఆవరణలో ముగ్గుతో కాలవా, రోడ్డూ, వీధులూ, పాత వార్డుల హద్దులూ వేశాను. పాస్టరుగారు పిలుస్తుంటే ఎవరిల్లు ఉన్నచోట వాళ్ళొచ్చి నిలబడ్డారు. అప్పుడు కనబడింది అందరికీ. కాలవగట్టు పాలెం ఇన్నాళ్ళూ మూడు వార్డుల్లో ముక్కలై ఉంది. ఇంక వాళ్ళ మనిషి ఎక్కడ గెలుస్తాడు?

పాలెం మొత్తాన్నీ ఒకే వార్డు చేశాను. దాంతో మా వీధిలో సగం అందులో కలిసింది. మెంబరుగా నిలబడబోతున్న మా బావగారు, "అమ్మాయ్, గీత కాస్త అటు జరుపు, మనవాళ్ళంతా ఒకవైపుంటారు" అన్నారు.

"జరిపితే పాలెం మళ్ళీ ముక్కలవుతుందండీ" అన్నాను, అందరి ముందూ. కాపరానికొచ్చాక ఆయనకి ఎదురు చెప్పడం ఇదే మొదలు. ముగ్గు తీసి ఆ గీత మీదే మళ్ళీ దిద్దాను. ఎక్కడా వంకర పోలేదు.

రేపు దీన్ని కాయితం మీద పటంగా దించి పంచాయతీ ఆఫీసరుగారికివ్వాలి. ఎవరి మాటో విని ఆయన మార్చేస్తే...

ఇందాకటిదాకా నాతో మాట్లాడని బావగారు, ఇప్పుడు అరుగు మీద పక్కింటాయనతో అంటున్నారు: "గీసింది మా మరదలేనండీ. నా మాటే వినలేదు, ఇంక ఆఫీసరు మాట వింటుందా!"