రెండు కార్డులను మోసే పవర్ సప్లై

యూసుఫ్‌గూడ,
14 ఆగస్టు 2008.

ప్రియమైన తమ్ముడు ఏసుకుమార్‌కి,

ప్రభువు పేరిట అక్క మెర్లిన్ వందనాలు. ఇక్కడ నేను క్షేమం. ఫిల్మ్‌నగర్‌లో నువ్వూ, నీ గ్రాఫిక్స్ ఆఫీసూ క్షేమమేనని అమ్మ చెప్పింది. ఆదివారం ప్రార్థన అయ్యాక నన్ను చర్చి మెట్ల మీద ఆపి, రెండు గ్రాఫిక్స్ కార్డుల కంప్యూటర్ మిషన్‌కి ఏ పవర్ సప్లై కొనాలో తమ్ముడు అడగమన్నాడే అంది. పాపం, మర్చిపోకుండా దారంతా ఆ మాట వల్లె వేసుకుంటూ వచ్చిందట. ఏడాది పైగా పలకరించనివాడివి, అడగడానికి నీకిదే దొరికింది. ఫోన్‌లో అయితే మధ్యలోనే పెట్టేస్తాను. అందుకే రాస్తున్నాను.

ముందు నీ ప్రశ్నకు జవాబు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న వాట్లు చూసి మోసపోకు. ఒక్క క్షణం మోయగలిగేది రాసి, రోజంతా మోస్తుందన్నట్టు అమ్మేవాళ్లున్నారు. ఒక్కో కార్డు నూట యాభై వాట్ల దాకా లాగుతుంది. ప్రాసెసర్ ఇంకో నూట ముప్పై, మిగతావన్నీ కలిపి వంద. ఎనిమిది వందలది తీసుకో. దేన్నీ అంచుల దాకా పని చేయించకూడదు, మన ఎండల్లో అసలే కూడదు. పక్కనున్న స్టిక్కర్‌లో పన్నెండు వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో చదువు. కార్డులు తాగేది అక్కడి నుంచే. ఏ కార్డు వైరు ఆ కార్డుకి విడిగా రావాలి. ఒకే వైరును చీల్చి రెండింటికీ తగిలించే జాయింట్లు వద్దు.

ఇదేమీ నీకు కొత్త కాదు. నేను నీ దగ్గర పని చేస్తుండగా కిందటేడూ ఇదే చెప్పాను. నువ్వు తెచ్చిన పవర్ సప్లైని చేత్తో ఎత్తి చూసి, మరీ తేలిగ్గా ఉందిరా, లోపల సరుకు లేదు, మార్చుకు రా అన్నాను. "తూకానికి కొనడానికి ఇవేమన్నా వంకాయలా అక్కా? నువ్వు చెప్పినదీ ఆరువందల వాట్లే, ఇదీ ఆరువందల వాట్లే" అన్నావు.

ఆ ఏడు మే నెలలో నిర్మాత త్రినాథరావుగారు వరద సీను చూద్దామని వచ్చి కూర్చున్నారు. గట్టు తెగి నీళ్లు ఊరి మీద పడే చోట టప్‌మని చప్పుడు, ఆ వెంటనే కాలిన వాసన. మిషన్ పోయింది, కాపీ పెట్టుకున్న డిస్కుతో సహా. నెలల తరబడి చేసిన నా పనంతా అందులోనే ఉంది. నేనింకా ప్లగ్గు పీకుతూనే ఉన్నాను, నువ్వు ఆయనతో "ఆపకుండా నడపొద్దని అక్కకి చెప్తూనే ఉన్నానండీ, వినలేదు" అన్నావు.

నేను నీ మొహంలోకి చూశాను. నువ్వు ఆయన చెప్పుల వైపు చూస్తున్నావు.

ఆ రోజు షేక్‌పేట ఇంటి దాకా నీ బండి వెనకే కూర్చున్నాను. దారిలోనైనా ఒక్క మాట అంటావనుకున్నాను. ట్రాఫిక్ గురించి అన్నావు.

మర్నాడు ఆఫీసులో నా సామాను సర్దుకుని వెళ్లిపోతుంటే గేటు దగ్గర వాచ్‌మన్ బాలనర్సయ్య లేచి నిలబడ్డాడు. ఆ పవర్ సప్లై డబ్బా పైకి మోసుకొచ్చి, మన గొడవంతా విన్నవాడు. "నీ తప్పు లేదని నాకెర్కే అమ్మా. గని నన్నెవరడుగుతరు?" అన్నాడు. తోడబుట్టినవాడు అనాల్సిన మాట అది.

ఇప్పుడు టోలిచౌకిలో పెళ్లి ఆల్బమ్‌లు చేస్తున్నాను. పెళ్లికూతుళ్ల మొటిమలు చెరుపుతాను. ఆ వరద సీను వేరేవాళ్లు చేశారు కదా, హాలుకి వెళ్లి చూశాను. ఊరు మునిగింది గానీ నాకు భయం వెయ్యలేదు.

అమ్మకి ఏమీ చెప్పలేదు. నేనే పొగరుతో వెళ్లిపోయాననుకుంటోంది. అనుకోనీ.

ఉంటాను,
నీ అక్క
మెర్లిన్

తా.క. అసలు సంగతి రాయకుండా కవరు అంటించలేకపోయాను. నిన్న త్రినాథరావుగారు మా గదికి వచ్చారు. కొత్త సినిమా గ్రాఫిక్స్ నాకే ఇచ్చారు, ఒప్పుకున్నాను. కాలిపోకముందు తెర మీద చూసిన ఆ కాస్త వరద ఆయనకింకా గుర్తుందట. నువ్వు మిషన్ కొనాలనుకుంటున్నది ఆ సినిమాని నమ్ముకునేనని అమ్మ మాటల్లో తెలిసింది. నీకిప్పుడే చెప్పొద్దన్నారాయన. నేను చెబుతున్నాను, కొనకు.

ఆయన వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఈసారైనా మిషన్ కాల్చెయ్యకమ్మా" అన్నారు.

నీ పేరు నోటి దాకా వచ్చింది. జాగ్రత్తగా ఉంటానండీ అన్నాను.