ఉండు, ఇప్పుడే వస్తా

పిన్నీ,

నీకు ఆట రాకపోవడమేమీ లేదు, వయసు మీద పడటమూ కాదు. నువ్వు వెళ్లి వీధి తలుపు తీసి వచ్చేసరికి ఆటలో నీ మనిషి చచ్చిపడి ఉంటున్నాడంటే, ఆ తప్పు మాది.

మా వీడియో గేముల స్టూడియోను ఒక పెద్ద కంపెనీ కొనేసింది. మేం చేసిన ఆటను ఇకమీద అందరూ నెట్‌లో కలిసే ఆడాలట. ఒక్కరి కోసం అందరి ఆటా ఆగదు కాబట్టి పాజ్ బటన్ తీసెయ్యమన్నారు. నా చేతే తీయించారు. "పాత డిస్కు నా దగ్గరే ఉంది కదా" అంటావేమో. నెట్ లేకపోతే ఆట తెరుచుకోదు, నెట్ పెడితే పాజ్ లేని కొత్త అప్‌డేట్ దించుకుని కూర్చుంటుంది.

ఆ బటన్ నీదని వాళ్లకేం తెలుసు? మొదట్లో మీ ముందుగదిలో నీ చేతే ఆడించి చూసేవాణ్ణి. పొయ్యి మీద పాలు గుర్తొస్తే తెర మీది రాక్షసుడితో "ఉండు నాయనా, ఇప్పుడే వస్తా" అని చెప్పి మరీ లేచేదానివి. ఆట ఆపినప్పుడు కనబడేలా ఆ మాటే పెట్టాను.

సోమవారం మీటింగులో కొత్త మేనేజరు "ఆట ఆపి వెళ్లినవాళ్లు మళ్లీ రారు" అన్నాడు.

"మా పిన్ని వస్తుందండీ" అన్నాను. అందరూ నవ్వారు. నేను లేచాను.

"ఎక్కడికి?" అన్నాడు.

"ఉండండి, ఇప్పుడే వస్తా" అన్నాను.

ఇవాళ శుక్రవారం. అమ్మ అడిగితే ఉద్యోగం మానేశాడని మాత్రం అనకు. ఇప్పుడే వస్తానని చెప్పి వచ్చాడట అను.

నీ అక్క కొడుకు